ఒనే అంటే రెస్పే అనాలి: హైతీ పల్లెలో రెండేళ్లు

(ఒంగోలులో ఒక సంఘం ఆదివారం సాయంత్రం కూటంలో, బోరింగు మెకానిక్‌గా చేసి రిటైరైన ఒక సహోదరుడు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. అయ్యగారు నన్ను పరిచయం చేస్తూ మిషనరీ అన్నారు. అయ్యగారూ, క్షమించాలి, నేను మిషనరీని కాదు. బోరింగులు బాగుచేసేవాణ్ణి. ముప్ఫై మూడేళ్లు ఈ జిల్లాలోనే ఆ పని చేశాను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో పదిమంది ఊళ్లలోనైనా పంపు పైపులు పైకి లాగి ఉంటాను. అదుగో, వెనక వరసలో పెద్దాయన నవ్వుతున్నాడు. వాళ్ల ఊరి బోరులో పైపు జారి లోపల పడిపోయింది నా చేతిలోంచే. ఇంకా మర్చిపోలేదు ఆయన.

రిటైరయ్యాక, 2013లో, ఒక చిన్న క్రైస్తవ సేవాసంస్థ వాళ్లు పిలిస్తే హైతీ వెళ్లాను. ఆరు నెలలకని వెళ్లి రెండేళ్లున్నాను. సంస్థ పేరు చెప్పను, ఊరి పేరూ చెప్పను. సంస్థ పేరెందుకు చెప్పనంటే, కొన్ని తప్పులు చెప్పబోతున్నాను, అందులో సగం నావే. ఊరి పేరెందుకు చెప్పనంటే, మీ సంగతులు ఒంగోలులో మైకు పెట్టి చెప్పుకుంటానని నేను వాళ్లని అడగలేదు. అడగకుండా చెయ్యడం గురించే ఈ సాయంత్రం నా మాటంతా. కాబట్టి అక్కడే తప్పు చేస్తే బాగుండదు.

హైతీ ఎక్కడుందో తెలుసా? చెయ్యెత్తండి. ఆఫ్రికాలో కాదమ్మా. చూస్తే అలాగే అనిపిస్తుంది గానీ కాదు. క్యూబా పక్కన సముద్రంలో ఒక దీవి. ఆ దీవిలో పడమటి మూడో వంతు హైతీ. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చి చెరుకు తోటల్లో బానిసలుగా పెట్టిన జనం ఫ్రెంచివాళ్ల మీద తిరగబడి, నెపోలియన్ పంపిన సైన్యాన్ని ఓడించి, 1804 జనవరి 1న స్వతంత్రం ప్రకటించుకున్నారు. అప్పటిదాకా బానిసలు తిరగబడి దేశం కట్టుకున్న సంగతి లోకంలో లేదు. మరి 1825లో ఏమైంది? ఫ్రాన్సు యుద్ధనౌకలు తెచ్చి నిలబెట్టి, మా తోటలు పోయాయి, మా బానిసలు పోయారు, నష్టపరిహారం కట్టండి అంది. 15 కోట్ల ఫ్రాంకులు! తర్వాత 9 కోట్లకు తగ్గించారనుకోండి. అది కట్టడానికి అప్పులు, ఆ అప్పులకు వడ్డీలు, అన్నీ తీరేసరికి 1947 వచ్చింది. మనకు స్వతంత్రం వచ్చిన ఏడాది. అంటే మా నాన్న పెళ్లి నాటికి కూడా వాళ్లు తమ సంకెళ్ల ధర కడుతూనే ఉన్నారు. పేద దేశమైన హైతీని కనికరించు ప్రభువా అని మనం ప్రార్థన చేస్తాం. మంచిదే. పేద ఎలా అయ్యిందో కూడా ఆ ప్రార్థనలో ఒక ముక్క చెప్పుకుంటే ఇంకా మంచిది.

సరే, మన సంగతికి వద్దాం. రాజధాని పోర్టో ప్రిన్స్ నుంచి ఉత్తరంగా మేకల కొండ ఎక్కి, మీర్‌బలే దాటి, ఎంచ్ అనే పట్నం చేరాలి. ఆ ప్రాంతాన్ని మధ్య పీఠభూమి అంటారు. ఎంచ్‌లో దిగి మోటారుసైకిల్ మీద గంటన్నర. వాగులో చక్రం మునుగుతుంది. నేను ప్యాంటు మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని దిగాను ఆ ఊళ్లో. పిల్లలు చూసి, బ్లాన్, బ్లాన్ అని కేకలు. బ్లాన్ అంటే ఏంటని మా దుబాసీని అడిగా. తెల్లవాడు అన్నాడు. నన్ను చూడండి! వేటపాలెం ఎండలో పెరిగిన శాల్తీని. అక్కడ పరదేశి ఎవడైనా బ్లానే, ఒంటి రంగుతో పనిలేదు. ఇది నవ్వుకునే సంగతే. రెండోది నవ్వుకునేది కాదు. ఒక పెద్దావిడ నా ముఖం పరకాయించి చూసి దుబాసీని ఒకే మాట అడిగింది. నేపాలా? అని.

ఎందుకడిగిందో తెలుసా? 2010 జనవరిలో అక్కడ భూకంపం వచ్చింది, అది మీకందరికీ గుర్తే, మనమూ ఇక్కడ కానుక పట్టాం. అదే ఏడు అక్టోబరులో కలరా వచ్చింది. అంతకుముందు వందేళ్లలో ఆ దేశంలో కలరా అన్నదే లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? మీర్‌బలే దగ్గర ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం ఉండేది. అందులో ఉన్నది నేపాల్ సైనికులు. ఆ శిబిరంలోని మలం వాగులో కలిసింది, వాగు అర్తిబొనీత్ నదిలో కలిసింది. ఆ నీళ్లే జనం తాగుతారు, ఆ నీళ్లలోనే స్నానం చేస్తారు, బట్టలుతుకుతారు. దాదాపు పదివేల మంది పోయారు. కాపాడతామని వచ్చినవాళ్ల పాయిఖానా నుంచి! మా తప్పేం లేదని చాలాకాలం వాదించి, 2016 డిసెంబరులో సమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పారు. నేను వెళ్లిన నాటికి అదీ లేదు. అలాంటి చోటికి, అదే పోలిక ముఖంతో, నీళ్ల పని చేస్తానని నేను దిగాను. ఆవిడ అడగదా మరి?

ఆ పెద్దావిడను ఊళ్లో అందరూ గ్రాన్ అంటారు. నాయనమ్మ, అమ్మమ్మ అన్నట్టు. నేనూ గ్రాన్ అనే పిలిచేవాణ్ణి. ఈ కథలో ముఖ్యమైన మనిషి ఆవిడే.

నన్ను పిలిపించింది ఒక బోరింగు కోసం. కలరా తర్వాత ఎవరో దాతలు వేయించారు. పనిచెయ్యడం లేదు, ఆడవాళ్లు మళ్లీ వాగుకే పోతున్నారు. ఐదు గాలన్ల తెల్ల బకెట్టు, నిండితే దగ్గర దగ్గర పందొమ్మిది కిలోలు, నెత్తిన చుట్టకుదురు మీద పెట్టుకుని కొండ ఎక్కాలి. తొమ్మిదేళ్ల పిల్ల కూడా ఎక్కుతుంది, దానికి తగ్గ చిన్న డబ్బాతో. మా సంస్థ కాగితంలో ‘పంపు చెడిపోయింది, మరమ్మతు కావాలి’ అని ఉంది. వెళ్లి చూశాను. చూసి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇండియా మార్క్ టూ! మన బోరింగు! అదే ట్యాంకు, అదే చైను, అదే మూడు కాళ్ల పీట. సముద్రాలు దాటి వెళ్తే నాకంటే ముందు నా పంపు వెళ్లి కూర్చుంది అక్కడ.

ఆ పంపు పుట్టుకలో మిషను వాళ్ల చెయ్యి ఉందని మీలో ఎంతమందికి తెలుసు? మహారాష్ట్ర కరువు రోజుల్లో బోర్లు వేశారు గానీ, మీద బిగించిన పోత ఇనుము పంపులు ఒక ఇంటివాళ్లు వాడుకునే రకం. ఊరంతా పొద్దస్తమానం కొడితే ఆగుతాయా? విరిగిపోయేవి. జాల్నాలో స్కాట్లండు చర్చి మిషను వాళ్లు, ఆ తర్వాత సోలాపూర్‌లో ఇంకొకళ్లు, వర్క్‌షాపులో తంటాలుపడి గట్టి పంపు ఒకటి చేశారు. దాన్నే యునిసెఫ్, మన ప్రభుత్వం, మద్రాసులో రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కంపెనీ కలిసి 1970ల్లో మెరుగుచేస్తే ఇండియా మార్క్ టూ అయ్యింది. లోకం మొత్తమ్మీద అంతగా వాడే చేతిపంపు ఇంకొకటి లేదు. సాక్ష్యాల కూటాల్లో ఇలాంటివి చెప్పరు మనవాళ్లు. చెప్పాలి.

సరే, పంపు చూశాను. తల ఉంది, చైను వేలాడుతోంది. హ్యాండిల్ లేదు. విరగలేదు, లేదు అంతే. యాక్సిలు నట్లు స్పానరుతో శుభ్రంగా విప్పి తీశారు. ఎవరో దొంగతనం చేశారనుకున్నా. మన దగ్గర పాత ఇనుముకి అమ్ముకోరా? ఎంచ్‌లో వెతికి కొత్త హ్యాండిల్ సంపాదించి, బిగించి, నీళ్లు తెప్పించి, ఫొటో దిగి, ప్రార్థన చేసి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఆ హ్యాండిల్ కూడా లేదు.

నవ్వండి, నవ్వండి. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

మేం ఉండేది ఒక డీకన్ గారి ఇంట్లో. ఆయన నా టెన్షన్ చూసి, మెల్లగా, రెండు హ్యాండిళ్లూ గ్రాన్ మంచం కింద ఉన్నాయి అన్నాడు. మరి నాకు చెప్పలేదేమయ్యా అంటే, మీరు అడగలేదు అన్నాడు.

అక్కడి ఇళ్ల సంగతి చెప్పాలి మీకు. లకూ అంటారు. ఒక వాకిలి, దాని చుట్టూ అన్నదమ్ముల, కొడుకుల ఇళ్లు మూడో నాలుగో, ఒక వంటపాక, మామిడి చెట్టు, పనస లాంటి రొట్టెపండు చెట్టు. ఆ వాకిలి పక్కనే పెద్దల సమాధులు. ఊరి బయట శ్మశానం కాదు, ఇంటి పక్కనే, రంగులేసి, కొన్నయితే మనుషులుండే ఇంటికంటే గట్టి కట్టడం. చుట్టూ ముళ్ల కంచె. బయటివాడు వస్తే కంచె దగ్గర ఆగి ‘ఒనే!’ అని కేకెయ్యాలి. ఒనే అంటే గౌరవం. లోపలి నుంచి ‘రెస్పే!’ అని జవాబు రావాలి. రెస్పే అంటే మర్యాద. ఆ మాట వచ్చాకే అడుగు లోపల పెట్టాలి. రాకపోతే? రాకపోతే నిలబడాలి. లేదంటే తిరిగి వెళ్లిపోవాలి. చిన్నపిల్లాడైనా, పాస్టరైనా, పోలీసైనా అంతే.

మన క్రైస్తవుల ఇళ్లల్లో క్యాలెండరు మీద బొమ్మ ఉంటుంది, ప్రభువు తలుపు దగ్గర నిలబడి తడుతున్నట్టు. దాని మీద నేనే సండేస్కూల్లో పదిసార్లు చెప్పి ఉంటాను. చెప్పడం వేరు. ఒకళ్ల కంచె బయట ఎండలో ముప్పావుగంట నిలబడడం వేరు.

ఎందుకు నిలబడ్డానంటే, బోరు వేసింది గ్రాన్ స్థలంలో. రిగ్గు లారీ వచ్చిన రోజున ఆవిడ సంతకు వెళ్లింది. ఇంజనీరు నీళ్ల పాయింటు చూపించాడు, వేసేశారు, ఫలకం పెట్టారు, వెళ్లిపోయారు. ఆవిడ సంత నుంచి వచ్చేసరికి తన భర్త సమాధికి ఏడడుగుల దూరంలో ఊరంతా బకెట్లు పెట్టుకుని కూర్చుంది. బురద. సమాధి మీద బట్టలు ఆరేశారు. ఒక్కళ్లు ఒనే అనలేదు. కొన్నాళ్లు ఊరుకుంది, ఆ తర్వాత మోటారుసైకిల్ మెకానిక్‌ను పిలిచి హ్యాండిల్ విప్పించింది. మనమైతే ఏం చేస్తాం? మనం నవంబరు 2న సమాధులకు సున్నం కొట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పూలు పెట్టి వస్తాం. మీ నాన్నగారి సమాధి మీద ఎవరైనా లుంగీ ఆరేస్తే ఊరుకుంటారా?

అదీ పంపు రోగం. వాషరు కాదు, బేరింగు కాదు. ఆ రోగానికి నా సంచిలో స్పానరు లేదు.

కంచె బయటి మామిడి చెట్టు కింద కూర్చుని మాట్లాడుకోవడానికి ఐదు నెలలు పట్టింది. అవును, ఐదు నెలలు. మా సంస్థ వాళ్లకు నేను నెల నెలా రాసేవాణ్ణి, ‘మాట్లాడుతున్నాం’ అని. వాళ్లకు విసుగొచ్చింది. ఎన్ని పంపులు పూర్తయ్యాయి అని వాళ్ల ఫారంలో గడి ఉంటుంది. ఎన్నిసార్లు నిలబడ్డారు అన్న గడి ఉండదు. చివరికి ఒప్పందం ఏంటంటే, సమాధులకీ పంపుకీ మధ్య రాళ్ల గోడ. దారి అవతల పక్క నుంచి. నీళ్లు పోవడానికి కాలువ, అది గ్రాన్ అరటి మొక్కలకు. ఇంటికి నెలకు 25 గూర్దులు, వాషర్ల ఖర్చుకి. గూర్దు అంటే అక్కడి రూపాయి. పంపుకి తాళం, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తీస్తారు. తాళం చెవి ఎవరి దగ్గర? గ్రాన్ మనవరాలి దగ్గర. ఆ పిల్లకి నేను కప్ వాషరు మార్చడం, చైనుకి గ్రీజు పెట్టడం నేర్పాను. ఆర్నెల్లలో నాకంటే బాగా చేసేది. నా చేతిలో జారిపడినట్టు ఆ పిల్ల చేతిలో పైపు ఎప్పుడూ జారిపడలేదు, పెద్దాయనా!

ఆ ఐదు నెలలూ ఏం చేశావయ్యా అంటారేమో. బతికాను. అదే పని.

పొద్దున్నే నాలుగింటికి కోళ్లు, ఆ తర్వాత చీపురు చప్పుడు. వాకిలి ఊడవకుండా అక్కడ రోజు మొదలవదు. ముగ్గు ఒకటే తక్కువ. కాఫీ గింజలు ఇంట్లోనే వేయించి, చెక్క రోట్లో దంచి, గుడ్డ సంచిలో వడగడతారు. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి రోకళ్లు ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంటే, కళ్లు మూసుకుంటే మా అమ్మా పిన్నీ దంచుతున్నట్టే ఉంటుంది. కాఫీలో రొట్టె ముంచుకుని తింటారు, మనం టీలో బన్ను ముంచినట్టు. ఇక కందులు! ప్వా కోంగో అంటారు, అచ్చంగా మన కందులే. పచ్చి కందికాయలు ఒలిచి బియ్యంతో కలిపి వండుతారు. పప్పు చేసుకోరా అని అడిగితే, వాళ్లు చేసే పప్పు పులుసు పలచగా, లవంగం వేసి ఉంటుంది, అన్నం మీద పోసుకుంటారు. జొన్నలున్నాయి, పితిమీ అంటారు. మునగ ఉంది, బెంజోలివ్ అంటారు. నేను ములక్కాడ కోసి పులుసు పెడితే డీకన్ గారి భార్య నమిలి, పిప్పి ఎక్కడ ఉమ్మాలో తెలియక నా వైపు చూసింది పాపం. కారం తినలేకపోతానేమో అని వాళ్ల బెంగ. పిక్లీజ్ అని ఒకటుంది, క్యాబేజీ, క్యారెట్టు, బుట్టమిరపకాయ వెనిగర్‌లో ఊరబెడతారు. నాలుక మీద పెట్టుకుంటే చెవుల్లోంచి పొగలొస్తాయి. ప్రభువు నన్ను మర్చిపోలేదనుకున్నాను.

ఆదివారం సంగతి చెప్పాలంటే ఒక్క దృశ్యం చాలు. బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మడత మడత ఇస్త్రీ చేసిన తెల్ల బట్టలు, బూట్లు చేతిలో పట్టుకుని, ఒట్టి కాళ్లతో బురదలో రెండు మైళ్లు నడిచి, చర్చి ముందు రాయి మీద కూర్చుని కాళ్లు కడుక్కుని బూట్లు తొడుక్కుంటారు. మా అమ్మ చెప్పేది, వాళ్ల చిన్నప్పుడు ఇక్కడా అంతేనని.

అందరూ మనలాంటి విశ్వాసులేనా అంటే, కాదు. ఓడూ పాటించేవాళ్లున్నారు. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి తెచ్చుకున్న మతం అది. ఒకే ఇంట్లో ఇద్దరూ ఉంటారు. 2010 భూకంపం మర్నాడే అమెరికా టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్, హైతీవాళ్లు ఎప్పుడో సాతానుతో ఒప్పందం చేసుకున్నారు, దాని ఫలితం ఇది అన్నట్టు మాట్లాడాడు. శవాలింకా శిథిలాల కింద ఉన్నాయి! కలరా వచ్చాక ఓడూ పూజారులే విషం చల్లారని మూకలు పట్టుకుని పదుల సంఖ్యలో చంపాయి. తెచ్చిందెవరు, చచ్చిందెవరు? మా ఊళ్లో ఓడూ పూజారి కూడా నెలకు 25 గూర్దులు కట్టి ఆ పంపు నీళ్లే తాగేవాడు, వరుసలో నిలబడి. నన్ను చూస్తే టోపీ తీసేవాడు. నేనూ తీసేవాణ్ణి. అంతకుమించి మా మధ్య ఏం జరగలేదు, సాక్ష్యం కోసం ఏదో కల్పించి చెప్పమంటే చెప్పలేను.

ఇప్పుడు నా పెద్ద తప్పు.

క్లౌ దొర కథ ఒంగోలువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అయినా చిన్నపిల్లలున్నారు కాబట్టి. మన ఒంగోలులో పనిచేసిన అమెరికా బాప్టిస్టు మిషనరీ ఆయన. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, జనానికి పనిచ్చి కూలిచ్చాడు దొర. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వలేదు, కూటికోసం చేరారన్న మాట రాకూడదని. అది ఆగాక, 1878 జూలై 3న, ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మా తాతల తాత ఆ కాలువలో మట్టి మోశాడని ఇంట్లో చెప్పుకుంటాం. కాబట్టి నాకు చిన్నప్పటి నుంచీ ఒకటే తెలుసు. ఊరికే పెట్టకు, పనిచ్చి కూలివ్వు. అది గౌరవం.

రెండో ఏడు, కొండ మీద ఊటకు తొట్టి కట్టి పైపు దింపే పని వచ్చింది. కందకం తవ్వాలి. రోజుకు 200 గూర్దులిస్తాను రండి అన్నాను. వచ్చారు, ఎందుకు రారు? మూడు వారాల్లో అయిపోయింది. క్లౌ దొర చూస్తే మెచ్చుకునేవాడనుకున్నాను.

వాళ్ల దగ్గర కొంబిట్ అని ఒకటుంది. ఒకళ్ల చేనులో దున్నాలంటే, విత్తాలంటే, ఊళ్లో పాతికమంది పారలు పట్టుకుని వస్తారు. ఒకడు డప్పు కొడతాడు, ఒకడు పాట అందుకుంటాడు, పారలన్నీ ఒక్కసారి లేస్తాయి, ఒక్కసారి దిగుతాయి. చేను ఆసామి వంట పెట్టాలి. డబ్బు లేదు. రేపు నీ చేనుకి అందరూ వస్తారు. మన దగ్గర బదులు పని అంటాం చూడండి, అదే, కాకపోతే ఊరంత పెద్దది. ‘మేన్ అంపిల్, షాయ్ పా లూ’ అని సామెత. చేతులెక్కువైతే మోత బరువుండదు. నా కందకం అయిన వారమే వానలు మొదలయ్యాయి. గ్రాన్ చేనుకి కొంబిట్ పిలిచారు. ఆవిడకు చేతిలో బలం లేదు, కొడుకులు డొమినికన్ దేశంలో చెరుకు నరుకుతున్నారు. మేకను కోసింది. పెద్ద డేగిసాలో వండింది. పాతికమంది రావాల్సినచోట ఏడుగురు వచ్చారు.

తక్కినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఇంకో కందకం పని ఉంటుందేమోనని నా గుమ్మం ముందు కూర్చున్నారు. 200 గూర్దులు వస్తుంటే, పిల్లాడి ఫీజు కట్టాల్సి ఉంటే, ఎవరైనా ఏం చేస్తారు? నేనూ అదే చేస్తాను. ఆ సాయంత్రం మాంసం మిగిలిపోయి, గ్రాన్ ఇంటింటికీ గిన్నెల్లో పంపించింది. మా ఇంటికీ వచ్చింది. డీకన్ గారు తినలేదు. నేను తిన్నాను, అప్పటికి నాకు విషయం తెలియదు. చాలా బాగుందని కబురు కూడా పంపాను.

మరి క్లౌ దొర చేసింది తప్పా? కాదు. కరువులో కాలువ తవ్వకం సర్కారు పని, అక్కడ చెడగొట్టడానికి కొంబిట్ లేదు. నేను ఇక్కడి మందు అక్కడి రోగికి వేశాను. ముందు అడిగి ఉంటే డీకన్ గారే చెప్పేవాడు, కందకాన్ని కూడా కొంబిట్‌గా పిలిచి మేకా బియ్యం నువ్వు కొనిపెట్టు అని. అడగలేదు. మళ్లీ అదే.

పోయిన వారం మన స్త్రీల సమాజం అమ్మలు ఒక మాటన్నారు, హైతీకి పాత బట్టలు పంపుదామని. అమ్మా, మీ మనసుకు వందనాలు. వద్దు. అమెరికా నుంచి వచ్చే పాత బట్టలు అక్కడ గుట్టలు. పెపే అంటారు. కెనడీ అని కూడా అంటారు, ఆ ప్రెసిడెంటు కాలంలో మొదలైనందుకు. టైలరు అన్నవాడికి పనిలేకుండా పోయింది. బియ్యం సంగతీ అంతే. అర్తిబొనీత్ లోయ మన డెల్టా లాంటిది, వరి పండుతుంది. 1995లో దిగుమతి సుంకం 3 శాతానికి దించేశారు. అమెరికా బియ్యం దిగింది, మియామీ బియ్యం అంటారు. రైతు కూలబడ్డాడు. 2010లో క్లింటన్ తమ సెనేట్ కమిటీ ముందు కూర్చుని అది పొరపాటు, నా ఆర్కన్సా రైతులకు లాభించిందేమో గానీ అక్కడ పనిచెయ్యలేదు అని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందుకు మెచ్చుకోవాలి. రైతు మాత్రం పోర్టో ప్రిన్స్ మురికివాడకి ఎప్పుడో వెళ్లిపోయాడు.

పందుల కథ వినండి, గ్రాన్ చెప్పిందే. నల్లటి నాటుపంది ప్రతి ఇంటికీ ఉండేది. ఏం పెట్టక్కర్లేదు, మామిడిటెంకలు తిని బతుకుతుంది. పిల్లాడి స్కూలు ఫీజు, పెళ్లి, చావు, ఏదొచ్చినా ఒక పంది అమ్ముతారు. మనకు పాడిగేదె ఎలాగో అలాగ. 1970ల ఆఖర్లో పందులకు జబ్బు వచ్చింది. అమెరికావాళ్ల వత్తిడి, వాళ్ల డబ్బు. 1980ల మొదటికల్లా దేశంలో ఉన్న నాటుపందులన్నీ చంపించారు. బదులు అయోవా నుంచి తెల్ల పందులు తెచ్చిచ్చారు. వాటికి సిమెంటు గచ్చు కావాలి, పైన రేకులు కావాలి, కొన్న దాణా కావాలి, శుభ్రమైన నీళ్లు కావాలి. గ్రాన్ ఇంట్లో మనుషులకే గచ్చు లేదు. నాలుగు కాళ్ల యువరాజులు అని పేరు పెట్టారు వాటికి. చెబుతూ చెబుతూ నవ్వింది ఆవిడ, ఒక్కసారే నవ్వడం చూశాను.

అనాథాశ్రమాల గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. అక్కడి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో ఉన్నారు. ఫీజు కట్టలేక పంపిస్తారు. 2010 భూకంపం అయిన మూడో వారంలో అమెరికా నుంచి వచ్చిన పదిమంది బాప్టిస్టులు 33 మంది పిల్లల్ని బస్సెక్కించి సరిహద్దు దాటించబోయి పట్టుబడ్డారు. తర్వాత చూస్తే వాళ్లు అనాథలే కాదు. బాప్టిస్టులు, అంటే మనవాళ్లే. స్పాన్సర్ చెయ్యాలనుకుంటే ఆ ఫీజేదో తల్లి చేతికి అందేలా చూడండి.

అంతా తప్పుల చిట్టాయేనా, బాగా చేసినవాళ్లు లేరా? ఉన్నారు. మా దారిలోనే కాంజ్ అని ఒక ఊరుంది. 1956లో పెలీగ్ర్ డ్యాము కట్టినప్పుడు మునిగిపోయిన లోయ రైతులు రాళ్ల కొండెక్కి కట్టుకున్న ఊరు. కరెంటు రాజధానికి, చీకటి వీళ్లకి. సాగర్ ముంపు ఊళ్లవాళ్లకి నేను వివరించక్కర్లేదు. అక్కడ ఫ్రిట్జ్ లాఫొంతాన్ అనే హైతీ పాదిరిగారు బడి పెట్టారు, 1980ల్లో పాల్ ఫార్మర్ అనే అమెరికా కుర్రాడు, అప్పటికింకా డాక్టరు కాలేదు, వచ్చి ఆయనతో కలిశాడు. వాళ్లు క్షయకి మందులిచ్చి ఊరుకోలేదు. పొరుగింటి మనిషినే జీతమిచ్చి పెట్టి, రోజూ రోగి ఇంటికి వెళ్లి మాత్ర మింగించి, తిన్నాడా లేదా చూసి రమ్మన్నారు. ఆ ఉద్యోగం పేరే తోడునడిచేవాడు. 2013లో, నేను వెళ్లిన ఏడే, మీర్‌బలేలో 300 పడకల ఆస్పత్రి తెరిచారు. పైకప్పు నిండా సోలారు పలకలు. మా డీకన్ గారి కోడలి కాన్పు అక్కడే.

ఆ ఆస్పత్రి... 2025 మార్చి ఆఖర్లో సాయుధ ముఠాలు మీర్‌బలే మీద పడ్డాయి. జైలు తెరిచి ఖైదీల్ని వదిలేశారు. జనం చేతికందింది పట్టుకుని పారిపోయారు. ఆస్పత్రి మూతపడింది. చాలామంది ఎంచ్ వైపు వచ్చారు. మా ఊరికీ వచ్చారట, గ్రాన్ మనవరాలు వాట్సాప్‌లో వాయిస్ పంపింది. నెలకు 25 గూర్దులు కట్టేవాళ్ల లెక్క తప్పింది, వచ్చినవాళ్ల దగ్గర అడగలేం, రోజుకు నాలుగు గంటలు కాదు పొద్దంతా తీసి ఉంచుతున్నాం, వాషర్లు తొందరగా అరిగిపోతున్నాయి అంది. మాట వెనక పంపు చప్పుడు వినపడుతోంది. చైను ఎండిపోయి కిర్రుమంటోంది. నేను జవాబిచ్చాను, ముందు చైనుకి గ్రీజు పెట్టు అని.

గ్రాన్ ఇప్పుడు లేదు. 2015లో నేను వచ్చేసే రోజు వెళ్లాను. కంచె దగ్గర నిలబడి ఒనే అన్నాను. ఆ రెండేళ్లలో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆవిడ ఎప్పుడూ రెస్పే అనలేదు నాకు. మామిడి చెట్టు కింద మాట్లాడింది, పంపు దగ్గర మాట్లాడింది, పందుల కథ చెప్పింది, ఇంటి లోపలికి మాత్రం రమ్మనలేదు. ఆ రోజూ అనలేదు. తనే లేచి, కర్ర పట్టుకుని కంచె దాకా వచ్చింది. గుడ్డ మూట ఒకటి కంచె మీదుగా నా చేతిలో పెట్టింది. ఎండు కందులు, రెండు దోసిళ్లు ఉంటాయేమో. ఆ ఏడుగురితో విత్తిన చేనువి. మీ ఇంట్లో ఆవిడకి ఇవ్వు అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

మా ఆవిడ అదుగో, మూడో వరసలో ఉంది. పప్పు చేసింది వాటితో. మన కందుల్లా ఉడకలేదు, రెండు గంటలు పట్టింది కదూ? రెండు గంటల పైనే అంటోంది.

టీ వచ్చిందట. తాగుతూ మాట్లాడుకుందాం. అడిగేవాళ్లు అడగండి.